చిలకలగూడలో మస్టర్ పాయింట్

సముద్రపు గాలి కూడా సోకని చిలకలగూడలో, ఒక నిండు అపార్ట్‌మెంటును నడిసముద్రపు ప్రమాదంలో ముంచిన ఘనుడిని మీరెప్పుడైనా చూశారా? అది నేనే. చుక్క నూనె ఒలకబోయలేదు, అగ్గిపుల్ల గీయలేదు. కుర్చీలో కూర్చునే అంత పని చేశాను. మీరు నవ్వితే నేనేమీ అనుకోను, ఆ రోజు నన్ను చూసి ఆటోవాడు సుత నవ్వాడు.

అప్పట్లో నాకు ఉద్యోగం కొత్త. సముద్రంలో చమురు బావులు తవ్వే రిగ్గుల వాళ్లకు ప్రమాదాల నుంచి ఎలా బయటపడాలో నేర్పే ఆఫీసు మాది, పద్మారావు నగర్‌లో. మా అమ్మ మాత్రం "మావోడు బోర్లేపిస్తడు" అని అందరికీ చెప్పుకునేది. దాంతో ఒకాయన నీళ్లెక్కడ పడతాయో చూసిపెట్టమని అరచేతిలో కొబ్బరికాయతో మా గుమ్మం ముందు నిలబడ్డాడు.

ఒకరోజు మా పై అధికారి పద్మజ మేడమ్ పిలిచింది.

"రిగ్గు మీద మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. హెచ్చరికలన్నీ ఇంగ్లీషులో పంపుతున్నాం. రేపటి డ్రిల్‌కు నువ్వు తెలుగులో రాయి. అర్థమయ్యేలా రాయి. నిజంగా ప్రమాదం వస్తే వాళ్ల ప్రాణాలు ఆ నాలుగు వాక్యాల మీదే ఉంటాయి."

"మీరు చూస్తూ ఉండండి మేడమ్" అన్నాను. తెలుగులో రాయడమంటే ఇంగ్లీషు మాటలకు తెలుగు అక్షరాల చొక్కా తొడగడమేనని నా గట్టి నమ్మకం.

రెండు మెసేజ్‌లు తయారు చేశాను. మొదటిది: "ఇది డ్రిల్ మాత్రమే, నిజం కాదు. తర్వాతి మెసేజ్‌లో చెప్పినట్టు అందరూ చేయాలి." రెండోది: "గ్యాస్ లీక్ అయింది. ఆయిల్ కూడా బయటికి వస్తోంది. ఎవరూ నిప్పు వెలిగించొద్దు. అందరూ వెంటనే మస్టర్ పాయింట్‌కు చేరాలి. బూమ్ రెడీగా ఉంది. సిగ్నల్ రాగానే వేస్తాం."

మస్టర్ పాయింట్ అంటే ప్రమాదం వచ్చినప్పుడు అందరూ చేరి, ఎవరైనా తక్కువయ్యారా అని తలలు లెక్కబెట్టుకునే చోటు. బూమ్ అంటే ఒలికిన చమురు నీళ్ల మీద పాకిపోకుండా చుట్టూ వేసే తేలే కంచె. ఇది నాకు తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు.

మర్నాడు పొద్దున మేడమ్ నా వెనకే నిలబడి ఉండగా మొదటి మెసేజ్ రిగ్గు గ్రూపులో పెట్టాను. అంతలో మా అపార్ట్‌మెంటు గ్రూపులో ఖాదర్ భాయ్, నీళ్ల మోటరు చెడిపోయిందని రాశాడు. కర్టెన్ల దుకాణం నడిపే ఖాదర్ భాయ్ మా అసోసియేషన్ సెక్రటరీ. ఆయనకు "సరే భాయ్" అని జవాబిచ్చి, రెండో మెసేజ్ కూడా పంపేశాను. ఎక్కడికని అడక్కండి. కళ్లెదుట ఏ గ్రూపు తెరిచి ఉంటే అక్కడికే.

"రిగ్గు నుంచి ఉలుకూ పలుకూ లేదేం?" అంది మేడమ్.

"పెద్ద రిగ్గు కదా మేడమ్, మెట్లు దిగుతుంటారు."

ఫోన్ మోగింది. అమ్మ. కట్ చేశాను. మళ్లీ మోగింది. ఎత్తాను.

"బాంబు ఎప్పుడేస్తర్రా?"

"ఏం బాంబమ్మా?"

"నువ్వే పెట్టినవ్ గదా, బూం రెడీ, సిగ్నల్ రాంగనే ఏస్తమని. ఏ సిగ్నల్? మన చౌరస్తా సిగ్నలా?"

అప్పుడు చూసుకున్నాను, రెండో మెసేజ్ వెళ్లింది మా అపార్ట్‌మెంటు గ్రూపుకు. "అమ్మా, ఎక్కడున్నవ్?"

"నువ్ చెప్పిన కాడ్నే. మాస్టర్ పాయింట్ల. రాజలింగం మాస్టర్ ఇంట్ల అందరం ఉన్నం. కూసుందామంటే జాగ లేదు."

రాజలింగం మాస్టారు మూడో అంతస్తులో లెక్కల ట్యూషన్లు చెప్పే పెద్దాయన. గ్యాస్ లీకైతే ఎవరైనా కిందికి పరుగెడతారు. నా తెలుగు పుణ్యమా అని మా అపార్ట్‌మెంటు మొత్తం పైకి పరుగెత్తింది.

"అమ్మా, లీకేం కాలేదు. అది ఉత్తుత్తిదే."

"మేం పరేషాన్ గావొద్దని గట్ల చెప్తున్నవ్" అని అమ్మ ఫోన్ ఖాదర్ భాయ్‌కి ఇచ్చింది.

"భాయ్, లీకు మన దగ్గర కాదు, సముద్రంల."

"సముద్రంల లీకైతే చిలకలగూడకు ఎప్పటివరకు వస్తది? షాపుకు పోయొచ్చెంత టైముందా?"

మేడమ్ అంతా వింటోంది. తిడుతుందని తల వంచుకున్నాను. ఆమె బ్యాగు భుజాన వేసుకుంది. "ముందు వాళ్ల భయం పోగొడదాం పద. తిట్లు దారిలో తింటావు." ఆటోలో మాట తప్పకుండా వడ్డించింది.

మాస్టారి ఇంట్లో బోనాల జాతరంత జనం. ఒకావిడ మిక్సీ చంకన పెట్టుకుంది. ఒకాయన పెళ్లి ఫోటో పట్టుకుని, పెళ్లాన్ని కింద మరిచి వచ్చాడు. మాస్టారు గంభీరంగా అడిగారు: "ఏమయ్యా, నా ఇల్లే ఎందుకు ఎంచుకున్నవ్?"

తప్పు ఒప్పుకున్నాను. అందరూ ఒక్కసారిగా ఊపిరి వదిలారు, ఆ వెంటనే నా మీద పడ్డారు. అందరూ తేరుకున్నాక ఖాదర్ భాయ్ మెల్లగా అన్నాడు: "నేను అందరి సిలిండర్లు బంద్ చేసి ఎనక మెట్ల దిక్కు ఉరికిన. తలుపుకు తాళముంది. దానికి అడ్డంగ మన పాత కూలర్లే ఉన్నయ్. నిజంగ లీకైతే ఏమైతుండెనో చెప్పుండ్రి."

కూలర్లు ఎవరివో వాళ్లే దించుకుపోయారు. తాళం ఆ రోజే ఊడింది.

మేడమ్ ట్యూషన్ బల్ల మీద కూర్చుంది. "అమ్మా, ఏమని రాస్తే మీరు కిందికి వెళ్లేవాళ్లు?"

"అందరు గేటు కాడ గుమిగూడాలె అంటే అయిపాయె" అంది అమ్మ. "గంత సదువు సదివినోడు గిట్ల రాస్తడా?"

"బూం తీసేసి నూనె కంచె అనుండ్రి, జెర పుణ్యముంటది" అన్నాడు ఖాదర్ భాయ్.

అక్కడే వాక్యం వాక్యం తిరగరాశాం. ఆ కొత్త మెసేజ్‌తో మళ్లీ డ్రిల్ పెడితే, రిగ్గు మీది వాళ్లంతా సరైన చోటికి చేరారు, తలల లెక్క తేడా లేకుండా సరిపోయింది. అక్కడినుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు.

"సార్, ఇప్పుడు అర్థమైందండి. రిగ్గు కెప్టెన్‌ని ఇక్కడ మాస్టర్ అంటారు కదండీ. మస్టర్ పాయింట్ అంటే ఆయన గదేమో అనుకుని, ఇన్నాళ్లూ మేం కొంతమంది దాని ముందే నిలబడేవాళ్లం."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట రచ్చ చేసి సముద్రంలో గెలిచాను.

అప్పటి నుంచి ఏం రాసినా ముందు అమ్మకు చదివి వినిపించాలని మేడమ్ ఆజ్ఞ. ఒకసారి "ఒత్తిడి పెరిగితే వెంటనే బావిని చంపాలి" అని చదివాను. చమురు పొంగకుండా బావిని మూయడాన్ని ఇంగ్లీషులో అలాగే అంటారు మరి. అమ్మ నన్ను ఎగాదిగా చూసి, "అది నీకేం పాపం చేసిందిరా?" అంది. "బావి నోరు మూయాలి" అని మార్చి, దాని ప్రాణం కాపాడాను.

కనుక సముద్రం సాక్షిగా, అది అందుబాటులో లేనందున హుస్సేన్‌సాగర్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: గ్రూపు పేరు పైకి చదవనిదే ఇకపై ఏ మెసేజూ పంపను, తెలుగు రాని తెలుగు రాయను, బావులను చంపను.