గూడ్సు కూత లేని పాట

అనకాపల్లిలో మైకుసెట్లు అద్దెకిచ్చే రాయప్ప ఏ చప్పట్లనీ నమ్మడు. సభల్లో జనం పలచగా ఉంటే పెన్‌డ్రైవ్‌లోంచి చప్పట్లు వదిలేది తనే మరి.

రైలుకట్ట పక్క మైదానంలో ఒక పేరున్న గాయని క్రీస్తు పాటలు పాడితే టీవీలో చూపించారు. రాయప్ప, భార్య ఆరోగ్యమేరి ముందు వరసలో, జనం గొంతుల కోసం పెట్టిన మైకు ఎదురుగానే కూర్చున్నారు. నెల తిరిగేసరికి ఆ కచేరీ లైవ్ ఆల్బమ్‌గా వచ్చింది. రాయప్ప దాన్ని తన పెద్ద బాక్సుల్లో పెట్టాడు.

"రెండో పాటలో గూడ్సు కూతేసింది కదా, అదెక్కడికి పోనాది? ఇది స్టూడియోలో పాడిందే. లైవూ లేదు, నా మొహమూ లేదు!"

మేరి బియ్యం ఏరుతోంది.

అతను ఆఖరి పాటకి వెళ్లాడు. ఆ రోజు జనమంతా కలిసి పాడిన పాట అది.

"ఇందులో నీ గొంతేదే? గుడిలో నువ్వు పాడితే ఈది సివరికి ఇనబడతాది. ఇంకేటి సాక్ష్యం కావాలి?"

"కూత కోసీసుంటారు. మూడో పాట పెట్టు. సౌండు పెంచు," అంది మేరి.

పెట్టాడు. వాయిద్యాలు ఆగిన చోట మేరి గొంతు ఖంగుమని లేచింది. వెంటనే పక్కనుంచి ఒక మగగొంతు కసిరింది.

"నోర్ముయ్యే మేరీ, టీవీలో వత్తాది!"

రాయప్ప చెయ్యి సౌండు తగ్గించబోయింది.

"ఉండనీ," అంది మేరి, చేటలోంచి తలెత్తకుండా. "ఆ తర్వాత నాను పాడనేదు."