ఐర్లాండ్ అబ్బాయి వద్దన్న మాట

నిన్న మధ్యాహ్నం పప్పు గరిటె పట్టుకుని, చాలన్న మనిషి దగ్గర జీవితంలో మొదటిసారి ఆగిపోయాను. ఆ మనిషిది ఐర్లాండ్. కొన్నేళ్ల కింద అమీర్‌పేటలో మా ఇంటి పై పోర్షన్‌లో అద్దెకుండి, ఇక్కడి ఉద్యోగం ముగియగానే వెళ్లిపోయాడు. ఇప్పుడు కంపెనీ పని మీద వచ్చి పంజాగుట్టలో హోటల్లో దిగాడు. భోజనానికి వస్తానని ఫోన్ చేసిన దగ్గర్నుంచి నాకు కాలూ చెయ్యీ ఆడలేదు.

అప్పట్లో మా గల్లీలో మెట్ల మీద తల వంచి దిగాల్సినంత పొడుగు మనిషి అతనొక్కడే. వాళ్ల దేశంలో ఎండాకాలం క్రికెట్, చలికాలం రగ్బీ ఆడేవాడట. రగ్బీ అంటే ఏమిటో ఒకసారి ఫోన్‌లో చూపించాడు. గుడ్డు ఆకారం బంతి కోసం అంతంత మగవాళ్లు ఒకరి మీద ఒకరు కుప్పగా పడుతున్నారు. ఇది ఆట ఎట్లయితది, తండ్రీ అన్నాను. అదే తన ప్రాణమని, క్రికెట్ కేవలం సరదా అని చెప్పాడు. ఇక్కడ కూడా ఎక్కడెక్కడి రగ్బీవాళ్లనో వెతికి పట్టుకుని శనివారాలు దెబ్బలు తగిలించుకొచ్చేవాడు. ఆదివారం ఆరాధన అయ్యాక మా తమ్ముడి చర్చి టీములో క్రికెట్. కెప్టెన్ మా తమ్ముడే. ఇంట్లో పెళ్లాం మాటే వినడు గానీ, ఇతని మాట మీద ఫీల్డింగ్ మార్చేవాడు.

మా ఇంట్లో వద్దు అన్న మాటకు ఏనాడూ విలువ లేదు. వచ్చినవాళ్లు వద్దంటారు, మేం వేస్తాం. మూడుసార్లు అడగకపోతే వడ్డించినట్టే కాదని మా అమ్మ నేర్పింది. మొదట్లో అతను పాపం చెయ్యి అడ్డం పెట్టి, తలూపి, చివరికి ఆయాసపడుతూ తినేవాడు. నెల తిరిగేసరికి మా పద్ధతి వంటబట్టింది. వద్దంటూనే ప్లేటు ముందుకు జరిపేవాడు. మేమంతా పడీ పడీ నవ్వేవాళ్లం.

ఒక ఆదివారం ఖైరతాబాద్ వాళ్లతో మ్యాచ్. మావాళ్లకు ఒక మనిషి తక్కువ. భుజం నొప్పిగా ఉంది, డాక్టర్ ఆడొద్దన్నాడు, చలికాలానికి మా దేశం వెళ్లి రగ్బీ క్లబ్బుకు ఆడాలి, వద్దన్నాడు అతను. మా ఇంట్లో భోజనాల దగ్గర తమ్ముడు బతిమాలి బతిమాలి నా వైపు చూశాడు. నాకెందుకు చెప్పండి? నోరు మూసుకుని ఉంటే పోయేది. చేతిలో బిర్యానీ గరిటె ఉంది, ఆ ఊపులోనే అనేశాను.

"మా ఇంట్ల నీ వద్దు ఎవరు విన్నరు బాబూ? జర పో, ఊకె నిలబడు."

నవ్వి లేచాడు. ఊరికే నిలబడే మనిషా! బంతి గాల్లోకి లేవగానే దూకాడట. క్యాచ్ అందింది, భుజం జారిపోయింది. ఆపరేషన్ అయ్యాక, ఇక రగ్బీ మరిచిపొమ్మని డాక్టర్ చెప్తుంటే నేను మంచం పక్కనే ఉన్నాను. అతను కిటికీ వైపు చూసి, తమ్ముడు నేర్పిన తెలుగులో ఫికర్ చెయ్యకక్కా అన్నాడు. తిట్టినా బాగుండేది.

నిన్న చూశాను, కుడి చెయ్యి భుజం దాకా లేస్తుంది, ఆపైన లేవదు. పప్పు వేయబోతే వద్దక్కా, చాలు అన్నాడు. గరిటె గిన్నెలో పెట్టేశాను. అతను నా మొహంలోకి చూశాడు.

"మల్ల అడుగవా అక్కా?"

"వినాల్సిన రోజు వినలే, బిడ్డా."

గిన్నె పక్కకు జరపబోయాను. అతను ప్లేటు వైపు చూశాడు.

"ఆ రోజు నిజంగనే వద్దన్న అక్కా" అన్నాడు మెల్లగా. "ఇయాల ఆకలైతుంది."

ప్లేటు ముందుకు జరిపాడు. గరిటె నిండా వడ్డించాను. ఆ వద్దుకూ ఈ వద్దుకూ తేడా తెలియడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది, ఈలోగా అతని చలికాలాలన్నీ ఆట లేకుండానే వెళ్లిపోయాయి.