సుమ్మాదేవి చెకుముకి తుపాకీ దగ్గర నేను తొందరపడిన రోజు

మ్యూజియం అద్దాల వెనక చెకుముకి తుపాకులు చాలానే చూశాను గానీ, ఒక్కటీ పేలగా వినలేదు. ఈ కోరిక చెప్తే ఆఫీసులో అందరూ నవ్వారు. ఒక్క కొలీగ్ మాత్రం, "సుమ్మాదేవిలో మా పెదనాన్న దగ్గరుంది, లైసెన్సుదే. ఆదివారం మా అక్క చేత గురి పెట్టిస్తున్నాడు, వెళ్తావా?" అన్నాడు. అడగడం ఆలస్యం, సంచి సర్దేశాను. నాకు దేనికీ ఆగే అలవాటు లేదు. ఇంట్లో రోజూ తిట్లు తినేది కూడా అందుకే.

విశాఖలో పొద్దున్న రైలెక్కితే పదిన్నరకి పలాసలో దిగాను. కాశీబుగ్గలో నలభై రూపాయలకి ఇడ్లీ తిని, ముప్పై రూపాయల షేర్ ఆటో ఎక్కాను. సుమ్మాదేవికి చిన్న స్టేషనుంది గానీ అక్కడ ఆగే బళ్లు తక్కువ, ఆటోయే నయం. దారి పొడవునా జీడితోటలు, మధ్యమధ్య కొబ్బరి. "ఎవురింటికి బాబూ?" అని డ్రైవరు అడిగితే చెప్పాను. "తుపాకి దాలయ్య గారింటికా! ఎల్లండి గానీ, ఆయన నిలబడమన్నకాడే నిలబడండి. అడుగు ముందుకేత్తే అయిపోనారే" అన్నాడు. నేను నవ్వేసి ఊరుకున్నాను.

కొలీగ్ పెదనాన్న దాలయ్య గారికి డెబ్భై ఆరేళ్లు, చూపు మందగించింది. లైసెన్సు కూతురు ఈశ్వరి పేరుకి మార్చాలి. సోమవారంలోగా ఆయన సంతకంతో కాగితాలు ఇవ్వకపోతే తుపాకీ పోలీస్ స్టేషన్‌లో అప్పగించెయ్యాలి. ఆ సంతకమే ఆయన పెట్టడం లేదు, కూతురు తన ముందు పేల్చాకే అంటున్నారు. నలభై ఏళ్ల ఈశ్వరి తోట మొత్తం ఒంటిచేత్తో చూసుకుంటుంది. లైసెన్సులో సహాయకురాలిగా ఆమె పేరు ఎప్పట్నుంచో ఉంది. "పోయిన కాపులో ఎలుగ్గొడ్డు మా పనోళ్ల మీదకొచ్చేసింది అన్నయ్యా. డప్పు కొడితే బెదరనేదు. ఈ తుపాకి గాల్లోకి పేల్చినాకే ఎల్లిపోయింది. తుపాకి నేకపోతే తోటలోకి రామని ఆడోళ్లందరూ సెప్పీసినారు" అంది. ఆ మాట అంటూ తండ్రి వైపు చూడలేదు. ఆయనా వినిపించుకున్నట్టు కనబడలేదు.

పన్నెండింటికి తోట చివరకి వెళ్లాం. తుఫానుకి పడిన కొబ్బరి మాను మీద సున్నంతో పళ్లెమంత గుండ్రం గీసి ఉంది, వెనక ఎత్తుగా మట్టిగట్టు. దాలయ్య గారు ఇసకలో కర్రతో గీత గీసి, నన్ను దాని వెనక నిలబెట్టారు. ఈశ్వరి కొలత గొట్టంతో తుపాకీ మందు పోసింది, గుడ్డపీలికలో చుట్టిన సీసపు గుండుని ఊచతో దట్టించింది. తుపాకీ గొట్టం పక్కనున్న చిన్న దొప్పలో చిటికెడు మందు వేసింది. మీట నొక్కితే చెకుముకి రాయి ఉక్కుని గీస్తుంది, దొప్పలో మందు అంటుకుంటుంది, ఆ మంట చిన్న బెజ్జం గుండా లోపలికి పోతుంది. లోపల నున్నటి గొట్టం కాబట్టి దూరం పెరిగితే గుండు ఎటు పోతుందో చెప్పలేం. ముప్పై అడుగుల నుంచే మొదటిది పేల్చింది. అబ్బ, ఆ చప్పుడు గుండెల్లో కొట్టింది. పొగ పోయాక చూస్తే సున్నం అంచున చిల్లు!

రెండోసారి దొప్పలో భగ్గున మంట లేచింది. అంతే. గుండు రాలేదు.

"అయ్యో, పేలలేదమ్మా! దించి చూడండి" అని నేను గీత దాటేశాను. దాలయ్య గారి చెయ్యి నా చొక్కా మెడ పట్టుకుని వెనక్కి లాగింది. ఈశ్వరి తల తిప్పలేదు. గురి అలాగే పట్టుకుని పైకే లెక్కపెడుతోంది, "పదకొండు, పన్నెండు..." నలభై దగ్గర మోచేతులు జారబోతే మళ్లీ ఎత్తింది. డెబ్భై దగ్గర చెమట కళ్లలోకి జారినా తుడుచుకోలేదు. నూరు అయ్యాక గొట్టం గట్టు వైపే ఉంచి, పుల్లతో బెజ్జం పొడిచి, దొప్పలో కొత్త మందు వేసి పేల్చింది. గుండు సున్నం వదిలేసి జానెడు పక్కన మట్టిలో దిగింది.

గురి తప్పింది, ఇక సంతకం పడదనుకున్నాను. నా నోటి తొందర వల్లే చెయ్యి చెదిరిందని ఏడుపొచ్చినంత పనయింది. దాలయ్య గారు ఆ మట్టి వైపు కూడా చూడలేదు. "కాయితాలు తే గుంటా" అన్నారు కూతురితో. అక్కడే మాను మీద పెట్టి, వేళ్లతో తడుముకుంటూ సంతకం చేశారు.

"తప్పింది కదండీ?" అన్నాను ఉండబట్టలేక.

"ఎలుగ్గొడ్డుకి సప్పుడు సాలు బాబూ. ఈ గుంటకి గురొచ్చని నాకెపుడో తెలుసు. ఆగడం వచ్చో రాదో తెలీకే ఇన్నాళ్లు సంతకం ఎట్టనేదు." కాగితాలు మడిచి ఈశ్వరికిచ్చారు. "నలభై ఏళ్ల కింద మా సిన్న తమ్ముడికి ఇలాగే మంటొచ్చి ఆగిపోయింది. ఆడు గొట్టంలోకి తొంగి సూసినాడు. లోపలి మందు అప్పుడంటుకుంది. అంతే, ఎల్లిపోనాడు. ఇందాక నువ్వు అన్నావే, దించి సూడమని. ఆ రోజు ఆ మాట అన్నది నానే."

సాయంత్రం పలాస స్టేషన్‌లో బండి గంట ఆలస్యం. మామూలుగా అయితే నాలుగుసార్లు విచారణ కిటికీకి తిరిగేవాణ్ని. ఆ రోజు బల్ల మీదే కూర్చున్నాను. నలభై ఏళ్లుగా ఒక మనిషి ఒకే మాటని మోస్తున్నాడు, నేను ఆ మాటనే నోటికొచ్చినట్టు ఆయన ఎదురుగా అనేశాను. ఈశ్వరి నా మాట విని ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు చల్లబడుతుంది. ఇలాంటి చోటికి వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే: లైసెన్సు లేనివాళ్లు తుపాకీ పట్టుకుంటామని అడగకండి, చూడ్డానికే వెళ్లండి. దొప్పలో మంట లేచి గుండు రాకపోతే నోరు మూసుకుని, ఆ పేల్చే మనిషితో పాటు మీరూ నూరు దాకా లెక్కపెట్టండి.