డాక్టరమ్మ ఎడమ చెవి

డాక్టరమ్మతో మాట్లాడాలంటే ఆమెకు కుడి పక్కన కూర్చోవాలి. ఎడమ చెవి పనిచేయదు. ముక్కు ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. కనుబొమ మీద ఒక కుట్టు, పై పెదవి మీద ఇంకొకటి, ముంజేతి మీద పళ్ళ గాట్లు. ముప్పై ఏళ్ళు మానసిక రోగుల వార్డులో పనిచేసిన మనిషి కాబట్టి చూసినవాళ్ళందరూ, "పేషెంట్లు ఎంత కొట్టారో పాపం" అంటారు. ఆమె నవ్వుతుంది.

"ముక్కు వరకూ మీరన్నది కరెక్టే. అయినా చెయ్యెత్తేవాళ్ళు తక్కువండీ. భయంతో మూలకి ముడుచుకునేవాళ్ళే ఎక్కువ."

చెవి సంగతి మాత్రం ఎత్తదు.

వాళ్ళ నాన్న టైలరు. ఆమె కొత్త కుట్టుతో ఇంటికొచ్చిన ప్రతిసారీ కళ్ళజోడు సవరించుకుని, గడ్డం పట్టి ముఖాన్ని వెలుతురుకి తిప్పి చూసేవాడట. "ఎవడే ఇది కుట్టింది? దారం ఇంతలా లాగితే గుడ్డ ముడుచుకుపోదూ? వాణ్ణి ఒక నెల నా మిషను దగ్గర కూర్చోబెట్టు." అంతే. ఉద్యోగం మానెయ్యమని ఒక్కనాడూ అనలేదు.

ఆసుపత్రి గేటు ఎదురుగా నా టైపింగు షాపు. పద్దెనిమిదేళ్ళు ఆమె పరిశోధన కాగితాలు టైపు చేసింది నేనే. నాకు ఆ చదువు లేదు. అర్థంకాని మాట రాగానే వేళ్ళు ఆపి అడిగేవాణ్ణి. ఎంత తొందరలో ఉన్నా చెప్పేది. లేని గొంతులు వినిపించడం, లేని పగవాళ్ళు వెంటపడుతున్నారనుకోవడం, దాన్ని సైకోసిస్ అంటారట. ఆ జబ్బు తగ్గి ఇంటికి వెళ్ళిన కొద్ది రోజులకే కొందరు ప్రాణం తీసుకుంటారు. తగ్గాక ఎందుకు? ఆమె బతుకంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది. ప్రతి వ్యాసంలోనూ మొట్టమొదట "రోగి ఒకటి" అని ఒక మనిషి వచ్చేవాడు. ఎవరమ్మా ఇతను అని ఒకసారి అడిగాను. ఆ రోజు చెప్పలేదు. చెవి పోయిన తర్వాత చెప్పింది.

*

అప్పటికి ఆమె వార్డులో చేరి రెండో ఏడు. ఒక లారీ మెకానిక్‌ని వాళ్ళ అక్క తీసుకొచ్చింది. అక్క సిటీ బస్సులో కండక్టరు. డ్యూటీ మధ్యలో యూనిఫాంతోనే వచ్చేసింది.

"రేడియేటర్లోంచి ఎవరో తిడుతున్నారంటాడు డాక్టరమ్మా. వాళ్ళని బయటికి లాగుతానని లారీ మొత్తం విప్పి పారేశాడు. వాళ్ళ ఓనరు నన్ను తిడుతున్నాడు. ఆ తిట్లయితే నాకూ వినపడుతున్నాయి."

మెకానిక్ ఆరడుగుల మనిషి. గోళ్ళ సందుల్లో గ్రీజు. పరీక్ష గదిలో కూర్చోబెట్టి ఆమె పెన్ను మూత తీసేలోపే, బల్ల మీది స్టీలు ట్రే ఎత్తి ఆమె ముఖం మీద కొట్టాడు. ఎండు పుల్ల విరిగినట్టు ముక్కెముక విరిగిన చప్పుడు తనకే వినిపించిందట. కుర్చీతో సహా వెనక్కి పడింది.

నలుగురు పరిగెత్తుకొచ్చి అతని మీద పడ్డారు. అందరికంటే ముందు దూకినవాడు వార్డుబాయ్. ఒంటిని బట్టి అందరూ పహిల్వాను అనేవాళ్ళు. మెకానిక్‌ని బోర్లా పడేసి, వెన్ను మీద మోకాలు పెట్టి చెయ్యి మెలితిప్పాడు. ఇంకొకడు జుట్టు పట్టి తలను గచ్చుకేసి అదిమాడు. "కాళ్ళు! కాళ్ళు పట్టుకోండ్రా!" అని అరుపులు. మందుల బీరువా అద్దం పగిలింది. ఆ అద్దం పెంకుల మీదుగానే అతన్ని ఈడ్చుకెళ్ళి, మంచానికి వేసి, నాలుగు పట్టీలు బిగించారు. అతని చొక్కా వీపు దగ్గర ఎర్రగా తడిసింది. ఎక్కడా అక్క కనపడలేదు. ఆమెను అప్పటికే బయటికి పంపి తలుపు వేశారు.

డాక్టరమ్మ లేచింది. ముక్కులోంచి, నోట్లోంచి రక్తం కారుతోంది. మంచం దగ్గరికి నడిచింది. కట్టేసి ఉన్న మనిషి ఎడమ చెంప మీద చెళ్ళుమని కొట్టింది. ఒకటి చాలలేదు. రెండోది ఇంకా గట్టిగా కొట్టింది.

"కొట్టినప్పుడు నాకెలా ఉందో తెలుసా?" అని అడిగింది నన్ను. "హాయిగా ఉంది. ఎప్పుడైనా రాస్తే అది కూడా రాయి. దాచకు."

హెడ్ నర్సు దూది అందిస్తూ, "పోన్లెండి మేడమ్, కడుపుమంట చల్లారింది కదా" అంది. కేసు షీటులో మాత్రం "రోగిని అదుపులోకి తీసుకోవడమైనది" అని ఒక వాక్యం రాశారు.

మందులు బాగా పనిచేశాయి. మూడు వారాల్లో రేడియేటరు నోరు మూసుకుంది. వెళ్ళే ముందు మెకానిక్ ఆమె గదికి వచ్చాడు. ముక్కు మీది కట్టు చూసి అక్కడే నిలబడిపోయాడు.

"నేనేనా మేడమ్?"

"నువ్వే. జబ్బు చేయించిన పని."

"క్షమించండి మేడమ్."

ఇప్పుడు ఆమె వంతు. నోరు తెరిచింది కూడా. "మాత్రలు మానకు" అంది.

ఎనిమిదో రోజు వార్డుకు ఫోనొచ్చింది. బస్సు డిపో నుంచి అక్క.

"డాక్టరమ్మా, ఒక చిన్న సంగతి. మావాడు పొద్దున లేచింది మొదలు ఒకటే అడుగుతున్నాడు. మీరు చెంప మీద రెండు కొట్టినట్టు గుర్తుందట. కోపం లేదు, ముందు నేనే కొట్టాను కదక్కా అంటున్నాడు. కానీ అది జరిగిందా లేదా తెలియాలట. జరిగుంటే తన బుర్ర సరిగ్గానే ఉన్నట్టట. వాడి గోల నాకు అర్థం కావడం లేదు, మీరే చెప్పండి."

పక్కన హెడ్ నర్సు ఉంది. వార్డు తలుపు తెరిచే ఉంది. ఆమెకు ఆలోచించడానికి రెండు క్షణాలు పట్టిందట, అంతే.

"ఇక్కడ ఎవరూ ఎవర్నీ కొట్టరమ్మా. అదంతా జబ్బులో భాగమే. మాత్రలు వేసుకుంటున్నాడా?"

"వేసుకుంటున్నాడండీ. హమ్మయ్య. అదే చెప్తాను వాడికి."

మర్నాడు మెకానిక్ ప్రాణం తీసుకున్నాడు.

వారం తర్వాత కాగితాల కోసం వచ్చిన అక్క కౌంటరు దగ్గర నిలబడి చెప్పింది. "మీ మాట చెప్పగానే, 'అయితే నాకింకా తగ్గలేదక్కా' అన్నాడు. ఏడవలేదు, అరవలేదు. అన్నం కూడా తిన్నాడు. జబ్బు అంత లోతుగా ఉందని నాకేం తెలుసు?"

డాక్టరమ్మ కాగితాల మీద సంతకం చేసి ఇచ్చింది.

*

ఆ తర్వాత పదకొండేళ్ళు ఆ ఒక్క వాక్యం మీద పనిచేసింది. అయితే నాకింకా తగ్గలేదక్కా. చనిపోయినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళేది. చివరి రోజుల్లో ఏమన్నాడు, ఏమడిగాడు అని అడిగేది. ఒక ఇంట్లో తండ్రి, "మా పిల్లని చంపి మళ్ళీ వచ్చావా" అని నోటుబుక్కు లాక్కుని చింపి, ఆమెను మెట్ల మీద నుంచి తోసేశాడు. కనుబొమ కుట్టు అప్పటిది. లేచి, చీర దులుపుకుని, కాగితం ముక్కలు ఏరుకుని వచ్చింది. కొన్ని ఇళ్ళలో ఒకేలాంటి మాట దొరికింది. వార్డులో కొట్టారన్నాడు, మేం నమ్మలేదు. పట్టీలేశారంది, అదీ భ్రమేనన్నాం.

"జబ్బు నుంచి లేచినవాడికి కావలసింది తన కళ్ళనీ తన చెవుల్నీ మళ్ళీ నమ్మగలగడం" అని నాకు చెప్పింది. "మేం దెబ్బ కొట్టి, కొట్టలేదని చెప్పి, ఆ నమ్మకాన్నే పీకేస్తున్నాం."

అందుకని వార్డులో ఒక పద్ధతి పెట్టింది. ఇంటికి పంపే ముందు రోగిని కూర్చోబెట్టాలి. అతన్ని పట్టుకున్నవాళ్ళు, కట్టినవాళ్ళు ఎదురుగా కూర్చోవాలి. అతనికి గుర్తున్నవాటిలో ఏది జరిగింది, ఏది జబ్బు, ఒక గంటసేపు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

సిబ్బంది మండిపడ్డారు. "మా ఉద్యోగాలు ఊడగొట్టడానికే చదువుకుందా ఈవిడ?" ఒక సాయంత్రం ఆమె స్కూటరు సీటు బ్లేడుతో చీల్చేశారు, లైటు రాయితో పగలగొట్టారు. అందరికంటే గట్టిగా తిట్టిన పహిల్వానే చివరికి మొదటి గంటకు కూర్చున్నాడు. ఎదురుగా బక్కపల్చటి బడి మాస్టారు.

"మీ వీపు మీద మోకాలు పెట్టాను సార్. పక్కటెముకల్లో గుద్దాను కూడా, అవసరం లేకపోయినా. అది జరిగింది. గోడలోంచి మీ మేనత్త పిలిచిందంటున్నారే, అది మాత్రం జరగలేదు."

మాస్టారు లేచాడు. రెండడుగులు వేసి తలతో పహిల్వాను మూతి మీద కుమ్మాడు. రెండు పళ్ళు రాలాయి. తలుపు దగ్గరున్నవాళ్ళు దూకబోతే పహిల్వాను చెయ్యి అడ్డం పెట్టి, రక్తం ఉమ్మి, "ఇది కూడా జరిగింది సార్. గుర్తుపెట్టుకోండి" అన్నాడు. ముందు మాస్టారు నవ్వాడు. తర్వాత ఏడ్చాడు. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని టీ తాగారు, పళ్ళు ఊడిన పహిల్వానుకు మాత్రం చల్లార్చి ఇచ్చారు.

కొన్నేళ్ళు నడిచింది. గంట కూర్చున్నవాళ్ళలో చావు వైపు వెళ్ళినవాళ్ళు తక్కువ. తేడా కొండంత లేదు, ఉంది. పెద్ద వ్యాసం రాసింది. పై ఊళ్ళ డాక్టర్ల ముందు చదవడానికి పిలుపొచ్చింది. ఆ వారంలో పహిల్వాను, కట్టుడు పళ్ళతో, ఆమె గది తలుపు దగ్గర నిలబడ్డాడు.

"మరి మీ గంట ఎప్పుడు మేడమ్?"

"నాదేమిటి?"

"ఆ మెకానిక్ ఎడమ చేతి పట్టీ బిగించింది నేనే. రెండు దెబ్బలూ చూశాను. నా పళ్ళు నేను ఇచ్చుకున్నాను. మీరేం ఇచ్చారు?"

చెబితే ఉద్యోగం పోవచ్చు. పరిశోధన మొత్తం దొంగదని అంటారు. చెప్పకపోతే, తమ్ముడి బుర్ర చివరిదాకా చెడిపోయే ఉందని నమ్ముతూ ఆ అక్క ముసలిదైపోతుంది. ఆ అబద్ధం తన నోటితో చెప్పించారని ఆమెకు ఎన్నటికీ తెలియదు. డాక్టరమ్మకు రెండు రాత్రులు నిద్ర లేదు. మూడో రోజు మధ్యాహ్నం బస్సు డిపోకు వెళ్ళింది.

*

డ్యూటీ మారే వేళ. కండక్టర్ల గదిలో ఇనుప బీరువాలు, పొడుగాటి బెంచీలు, గోడకు వేలాడే తోలు సంచులు. అక్క ఒంటరిగా కూర్చుని అన్నం తిని స్టీలు క్యారియరు మూత బిగిస్తోంది. తల సగం నెరిసింది. చూడగానే గుర్తుపట్టింది.

"డాక్టరమ్మా! ముక్కు అలాగే వంకరగా ఉండిపోయిందే! కూర్చోండి."

డాక్టరమ్మ కూర్చోలేదు. నిలబడే చెప్పింది. కట్టేసి ఉండగా కొట్టాను. రెండుసార్లు. మీ తమ్ముడికి గుర్తున్నది జరిగింది.

అక్క క్యారియరు చేత్తో పట్టుకునే ఉంది. "నేను ఫోన్లో అడిగాను కదా."

"అడిగారు."

"లేదన్నారు."

"అబద్ధం చెప్పాను."

క్యారియరు ఎడమ చెవి మీద తగిలింది. డాక్టరమ్మ బీరువా మీద పడింది. రెండోది అదే చోట. మూడోది పెదవి మీద. అక్క క్యారియరు గిన్నెలు విడిపోయి గదంతా దొర్లుతుంటే, ఖాళీ చేత్తో జుట్టు పట్టుకుని తలను బీరువా తలుపుకేసి కొట్టింది. ఇంకోసారి కొట్టింది. డ్రైవర్లు పరిగెత్తుకొచ్చారు. ఇద్దరు అక్క చేతులు పట్టుకుని వెనక్కి విరవబోయారు.

"పట్టుకోకండి!" నోట్లో రక్తంతో డాక్టరమ్మ అరిచింది. "ఆమెను ఎవరూ పట్టుకోవద్దు. వదలండి."

వదిలారు. అక్క మళ్ళీ కొట్టలేదు. తన గుండెల మీద తనే బాదుకోవడం మొదలుపెట్టింది.

"వాడు నన్నడిగాడే! మిమ్మల్ని కాదు, నన్నడిగాడు! లేదురా, అది జబ్బురా అన్నాను. నా నోటితో నేనన్నాను!"

గొంతు పోయేదాకా అరిచి నేల మీద కూలబడింది. డాక్టరమ్మ కూడా జారి ఎదురుగా కూర్చుంది. డ్రైవర్లు ఏం చెయ్యాలో తెలియక దొర్లిన గిన్నెలు ఏరుతున్నారు.

"ఏ చెంప?" అంది అక్క.

"ఎడమ."

"ఎడమనే అన్నాడు." కొంగు లేని యూనిఫాం కదా, మోచేత్తో ముఖం తుడుచుకుంది. "రెండోది గట్టిగా తగిలిందన్నాడు."

"రెండోదే గట్టిది."

"అయితే వాడికి తగ్గింది."

"తగ్గింది. పూర్తిగా తగ్గింది."

ఆసుపత్రి అత్యవసర విభాగంలో కొత్తగా చేరిన డాక్టరు పిల్ల దారం ఎక్కిస్తూ, "ఏమైంది మేడమ్, పడ్డారా?" అంది. డాక్టరమ్మ చెవికి గుడ్డ అదిమి పట్టుకుని అక్క పక్కనే నిలబడి ఉంది.

"నేను కొట్టాను. రాసుకో" అంది అక్క. "నాలుగు దెబ్బలు."

"ఐదు" అంది డాక్టరమ్మ. "ఎందుకు కొట్టిందో నేను చెప్తాను, అది కూడా రాయి."

విచారణ జరిగింది. ఏడాది సస్పెండ్ చేశారు. పై ఊరి పిలుపు రద్దయింది. అక్క మీద ఫిర్యాదు ఇవ్వమని పోలీసులు రెండుసార్లు వచ్చారు, డాక్టరమ్మ ఇవ్వలేదు. నాన్న కొత్త కుట్టు చూసి, "ఈ పిల్ల చెయ్యి బాగుందే" అన్నాడు.

ఇంట్లో ఉన్న ఆ ఏడాదిలోనే వ్యాసం మళ్ళీ రాసింది. టైపు చేసే రోజు ఇద్దరూ నా షాపుకు వచ్చారు. అక్క డ్యూటీ దిగి, సంచీ భుజానే వేసుకుని, నా కుర్చీ వెనక నిలబడింది. మొదటి పేరా చదవమంది. చదివాను. రోగి ఒకటి, లారీ మెకానిక్. అతన్ని కట్టేసి ఉండగా కొట్టింది ఈ వ్యాసం రాసిన వైద్యురాలే. అడిగినప్పుడు లేదని అబద్ధం చెప్పిందీ ఆమే.

"ఇందులో వాడి మాట ఏదీ?" అంది అక్క. "మొత్తం ఈవిడ గొడవే ఉంది."

డాక్టరమ్మ కుడి చెవి ఇటు తిప్పింది. "చెప్పు. ఎలా పెట్టమంటావు?"

అక్క ఒక్క ముక్క చెప్పింది. అదే మొదటి వాక్యంగా పెట్టి, మిగతాదంతా కిందికి జరిపాను.

అతనికి సరిగ్గానే గుర్తుంది.