అద్దె స్నేహితుడు

సియోల్‌లో అర్థశాస్త్రంలో డాక్టరేటు చేస్తున్న గన్‌హో ఫీజు కట్టగలుగుతున్నది పెళ్ళిళ్ళ పుణ్యమే. తమవైపు జనం తక్కువైన పెళ్ళివాళ్ళకు శనివారాల్లో అద్దె స్నేహితుడిగా వెళతాడు. మోచేతుల దగ్గర అరిగి నిగనిగలాడే ఒకే ఒక్క నల్లకోటు వేసుకుని, ముక్కూమొహం తెలియని పెళ్ళికొడుకు భుజమ్మీద చెయ్యేసి ఫొటోలో నవ్వుతాడు. కళ్ళు మాత్రం విందులోని పక్కటెముకల కూర మీదే ఉంటాయి.

మొన్న ఒక పెళ్ళిలో, అక్కడి ఆచారం ప్రకారం దంపతులకు హితవు చెప్పడానికి మైకు ముందుకొచ్చిన పెద్దమనిషి, మూడేళ్ళుగా గన్‌హో థీసిస్ తిప్పి పంపుతున్న ప్రొఫెసర్ ఛోన్! "ఈ అబ్బాయిని చిన్నప్పట్నుంచీ ఎరుగుదును" అంటూ, అరచేతిలో చీటీ చూసి పెళ్ళికొడుకు పేరు చదివాడు.

భోజనాల దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు.

"నువ్వేంటయ్యా ఇక్కడ?"

"పెళ్ళికొడుకు ప్రాణస్నేహితుణ్ణి మాస్టారూ. మరి తమరు?"

ఛోన్ చీటీని జేబులో కుక్కుకుని గొంతు సవరించుకున్నాడు.

"నీ నాలుగో అధ్యాయం... బాగానే ఉందయ్యా."