అక్క చదివిన మొదటి వాక్యం

నా చిన్నప్పుడు కోనసీమలో మా ఇల్లు గోదావరి రేవుకి దగ్గరగా ఉండేది. అప్పుడు నాకు ఏడేళ్లు. అమ్మ పురిటికి పుట్టింటికి వెళ్లింది. ఒకరోజు నాన్నగారూ, పక్కింటి అక్క భర్తా పని మీద నరసాపురం వెళ్తూ నన్ను అక్క దగ్గర వదిలారు. పడవ మీద వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తామన్నారు.

మధ్యాహ్నానికి తుఫాను ముంచుకొచ్చింది. కొబ్బరిచెట్లు నేలదాకా వంగి లేస్తున్నాయి. వంటింటి పెంకులు ఎగిరిపోయాయి. రేవులో పడవ కొట్టుకుపోయిందని ఎవరో వీధిలో అరుచుకుంటూ పోయారు. ఎవరి పడవో చెప్పలేదు.

నేను మంచం కిందకి దూరాను. అక్క కూడా వచ్చి నేల మీద కూర్చుని, తను చదువుతున్న నవల తెరిచి పైకి చదవసాగింది. అదీ పడవ కథే. చివరికి అందరూ ఒడ్డుకి చేరారని మొదటి వాక్యంలోనే చదివింది. కథలో వరద వచ్చింది, తాడు తెగింది. నేను అక్క చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను.

“అక్కా, మునిగిపోతుందా?”

“మునగదమ్మా. మొదట్లోనే చెప్పేశారుగా.”

అలా ఎన్నిసార్లు అడిగానో, అన్నిసార్లూ అదే చెప్పింది. వెలుతురు పోయేదాకా చదివింది.

మర్నాడు మధ్యాహ్నం వాళ్లిద్దరూ తిరిగొచ్చారు. గాలి చూసి పడవ నడిపే సరంగు అవతలి ఒడ్డునే ఆగిపోయాడట. కొట్టుకుపోయింది ఖాళీ పడవ.

హైస్కూల్లో ఉండగా ఆ నవల అడిగి తెచ్చుకున్నాను. “ఆ పడవ ఎక్కినవాళ్లెవరూ తిరిగి రాలేదు” అని మొదలైంది. వెళ్లి అక్కని అడిగాను. ఆరిన బట్టలు మడతపెడుతూ నెమ్మదిగా చెప్పింది.

“నీ కోసం మార్చాననుకున్నావా? ఆ రోజు ఆ మాట నా నోట రాలేదమ్మా.”

నిరుడు రాజమండ్రి ఆస్పత్రిలో మా కోడలిని ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్లారు. అమ్మ వస్తుందా అని మనవడు నా చెయ్యి పట్టుకున్నాడు. సాయంత్రానికి నీతో మాట్లాడుతుంది నాన్నా అన్నాను. వాడు నా చెయ్యి వదిలాడు. నిజంగానే ఆ సాయంత్రం కోడలు కళ్లు తెరిచింది. కానీ ఆ మాట అన్నప్పుడు నాకేమీ తెలియదు. అక్క ఎంత భయంతో ఆ పుస్తకం పట్టుకుందో ఆ ఆస్పత్రి వరండాలో తెలిసింది.