ఓసారి అయ్యగారు

ఆయనకి తాగుడు లేదు, పేకాట లేదు, సిగరెట్టు వాసనే పడదు. ఉన్నదల్లా ఒక్క అలవాటు. కనిపించినవాళ్ళనల్లా ఏదో ఒక వస్తువు ఎరువు అడుగుతాడు. సుత్తి, నిచ్చెన, కత్తెర, ఇస్త్రీ పెట్టె, థర్మామీటరు, ఆఖరికి తలుపు ముందు వేసుకునే పట్టా. ఇది అడగొచ్చు, ఇది అడక్కూడదు అనే తేడా ఆయనకి లేదు. తలుపు తట్టడం, తల కాస్త పక్కకి వంచడం, "ఓసారి ఇస్తారా?" అనడం. ఆ 'ఓసారి' ఎంత పొడుగ్గా ఉంటుందో ఆ భవనంలో అందరికీ తెలుసు. తీసుకెళ్ళిన వస్తువుని తనంతట తాను వెనక్కి తెచ్చిచ్చిన పాపాన పోడు. కావలసినవాళ్ళే వచ్చి అడిగి తీసుకెళ్ళాలి. అందుకని అన్ని అంతస్తులవాళ్ళూ కలిసి ఆయనకి 'ఓసారి అయ్యగారు' అని పేరు పెట్టేశారు.

నిజానికి ఆయన అయ్యగారూ కాదు, బోధకుడూ కాదు. నీళ్ళ పైపుల పని చేసుకునే మనిషి. వాళ్ళ సంఘం ఏటా ఒక జంటని నగరంలోని ఆ ఇరుకు పేటకి పంపుతుంది. ఏడాదిపాటు అక్కడే కాపురం ఉండాలి. జబ్బు పడ్డవాళ్ళని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, ఒంటరివాళ్ళకి తోడుండాలి, రమ్మన్నచోటికి వెళ్ళి ప్రార్థన చేయాలి. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన భార్య ఈ సేవకోసం దేవుణ్ణి అడుగుతూనే ఉంది. అడగ్గా అడగ్గా దేవుడు ఒప్పుకున్నాడు. కాకపోతే భర్తని కూడా వెంట పంపాడు.

ఆవిడ కాలేజీ లైబ్రరీలో ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చింది. తీసుకున్నది గడువులోగా తిరిగివ్వని మనిషిని చూస్తే ఆవిడకి ఒళ్ళు మండుతుంది. పైగా పుట్టు బెంగమనిషి. పొయ్యి ఆర్పామా లేదా, తాళం పడిందా లేదా, పక్కింటావిడ పలకరించలేదంటే మనమీద కోపమా, ఇలా ఆవిడ మనసు రోజంతా ఏదో ఒక గుమ్మం దగ్గర నిలబడే ఉంటుంది. అలాంటి మనిషికి అలాంటి మొగుడు.

విచిత్రం ఏమిటంటే సొంతింట్లో ఉన్నప్పుడు ఆయన ఇలా ఉండేవాడు కాదు. ఈ పేటకి వచ్చిన కొత్తలో కూడా బాగానే ఉన్నాడు. ఇద్దరూ సంచుల్లో రొట్టెలూ దుప్పట్లూ పెట్టుకుని మెట్లెక్కి తలుపులు తట్టేవారు. తలుపు బెత్తెడు తెరుచుకునేది. ఆ సందులోంచి ఒక చెయ్యి వచ్చి సంచి అందుకునేది. తలుపు పడిపోయేది. మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే గడియారాల తాతయితే చెయ్యి కూడా బయటపెట్టలేదు. "నేనేం బిచ్చగాణ్ణి కాదు" అన్నాడు లోపల్నుంచి. కింద తాము కాపురమున్న దుకాణం గదిలో పెట్టిన ప్రార్థనకి వీళ్ళిద్దరే పాడుకుని, వీళ్ళిద్దరే ఆమెన్ అనుకునేవారు.

రెండో నెలలో ఆయనకి ఈ ఎరువు రోగం పట్టుకుంది.

"పిన్ని దగ్గర ఇస్త్రీ పెట్టె తెచ్చా" అన్నాడొక రోజు, అదేదో సాధించినట్టు. పిన్ని అంటే మొదటి అంతస్తులో కుట్టుమిషన్ పెట్టుకుని బతికే ఆవిడ.

"అయ్యో, ఆవిడ కూడు దానిమీదే కదండీ! ఇచ్చెయ్యండి వెంటనే."

"వచ్చి తీసుకెళ్తుందిలే."

"ఎందుకండీ మనకీ తలవంపులు? మీ పనిముట్ల పెట్టె ఉంటే సగం వస్తువులు అడగక్కర్లేకపోయేది."

"తమ్ముడికిచ్చి వచ్చాగా" అని ఆయన పైకి చూశాడు. అబద్ధం చెప్పేటప్పుడు ఆయన పైకి చూస్తాడని ఆవిడకి తెలుసు. కానీ ఆ రోజు ఇస్త్రీ పెట్టె బెంగలో పడి గమనించలేదు.

పిన్ని వచ్చింది. ఇస్త్రీ పెట్టె కోసం వచ్చి టీ తాగి, కూతురి కాపురం సంగతి చెప్పుకుని, కళ్ళు తుడుచుకుని, ఇస్త్రీ పెట్టె మరిచిపోయి వెళ్ళింది. దానికోసం మళ్ళీ వచ్చింది. వచ్చినప్పుడల్లా ఆయన భార్య "క్షమించండి పిన్నీ, ఆయన అంతే" అని ఎన్నిసార్లు అన్నదంటే, పిన్ని చెప్పిన దాంట్లో సగం ఆవిడ చెవినే పడలేదు.

తర్వాత గడియారాల తాత. అయ్యగారు తలుపు తట్టి "చిన్న స్క్రూడ్రైవరు ఓసారి ఇస్తారా?" అని అడిగితే తాత తలుపు పూర్తిగా తీసుకుని బయటికొచ్చాడు.

"ఎందుకయ్యా?"

"పైపుకండీ."

"ఇది గడియారాలకి వాడేదయ్యా! దీంతో పైపు విప్పుతావా? పైపులు చేసేవాడివేనా నువ్వు అసలు?"

అని అరగంట తిట్టి, స్క్రూడ్రైవరు ఎలా పట్టుకోవాలో నేర్పి మరీ ఇచ్చాడు. మర్నాడు తిట్టడానికి కిందికి దిగాడు. ఆ మర్నాడు మిగిలిన తిట్లు తిట్టడానికి దిగాడు. ఆ వారం ప్రార్థనలో అందరికంటే వెనక కూర్చుని, పాట శ్రుతి తప్పిందని పైకే అన్నాడు.

కుర్చీలదీ అదే కథ. ఒక్కో ఇంటినుంచి ఒక్కోటి. ఒకటి ఎత్తు, ఒకటి పొట్టి, ఒకటి కుంటి. తమ కుర్చీ తీసుకెళ్దామని వచ్చినవాళ్ళు అందులోనే కూర్చుని, ప్రార్థన అయ్యాక లేచి వట్టి చేతులతో వెళ్ళిపోయేవారు. గది నిండింది. ఆవిడకి మాత్రం గదిలో మనుషులు కనిపించేవారు కాదు, ఎరువు సామానే కనిపించేది. ఇన్నిళ్ళ వస్తువులు తిరిగివ్వకుండా ఇంట్లో పెట్టుకుని బైబిలు తెరవాలంటే ఆవిడకి ముళ్ళమీద కూర్చున్నట్టుండేది.

"ఎన్నయినా తెచ్చుకోండి. రెండో అంతస్తులో టీచరమ్మ ఇంటికి మాత్రం వెళ్ళకండి. నామీద ఒట్టు" అంది ఒకనాడు.

టీచరమ్మ హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయింది. తనకి మోకాళ్ళ నొప్పులున్నా, మెట్లమీద ఎవరైనా ఎడంపక్కనుంచి దిగితే ఆపి, మళ్ళీ పైకి పంపి కుడిపక్కనుంచి దిగమనే మనిషి. ఆవిడని చూస్తే లైబ్రరీ అమ్మకి చిన్నప్పటి కడుపునొప్పి తిరగబెట్టేది. ఆయన ఒట్టుకి కట్టుబడ్డాడు. పైకీ కిందికీ తిరిగేటప్పుడు ఆ గుమ్మం దాటుకుని వెళ్ళిపోయేవాడు.

ఇలా ఉండగా సంఘపెద్ద ఫోను చేశాడు.

"ఏమ్మా, మీ మీద ఫిర్యాదు వచ్చింది. మేం పంపింది ఇవ్వడానికి. మీ ఆయన లేనివాళ్ళ ఇళ్ళచుట్టూ తిరిగి అడుక్కుంటున్నాడట. నిజమేనా?"

ఆవిడ ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"రేపు సాయంత్రం వస్తున్నా. నిజమని తేలితే ఏడాది పూర్తయ్యేదాకా ఉంచడం కుదరదమ్మా. సామాను సర్దుకోవాల్సి ఉంటుంది."

ఇన్నేళ్ళు అడిగి తెచ్చుకున్న ఏడాది. సగంలోనే, అదీ ఇంత అవమానంతో! భర్తకి చెబితే ఆయన తల పక్కకి వంచాడు.

"పెద్దాయన వస్తున్నారా? అయితే ఒక మంచి కుర్చీ ఎక్కడైనా ఓసారి..."

"ఇంకొక్కసారి ఆ మాట అన్నారంటే చూడండి!" అని ఆవిడ అరిచిన అరుపుకి పై అంతస్తులో కిటికీలు తెరుచుకున్నాయి.

మర్నాడు ఆయన ఎవర్నో కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ కొంగు బిగించింది. ఇంట్లో ఉన్న ప్రతి ఎరువు వస్తువూ పెద్దాయన వచ్చేలోగా ఇల్లు దాటాలి. అంతా పోగుచేస్తూ మంచం కిందికి చెయ్యి పెడితే దుప్పట్ల వెనక బరువుగా ఏదో తగిలింది. లాగి చూస్తే తమ్ముడికిచ్చానన్న పనిముట్ల పెట్టె. అందులో సుత్తి ఉంది. కత్తెర ఉంది. స్క్రూడ్రైవర్లు చిన్నవీ పెద్దవీ వరసగా ఉన్నాయి. థర్మామీటరు కూడా ఉంది, గుడ్డలో చుట్టి.

ఇన్నీ పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అడుగుతున్నాడంటే మనిషికి మతి చలించిందేమోనని కొత్త భయం పట్టుకుంది. ఆ భయంతోనే మెట్లెక్కింది.

"ఇదిగో పిన్నీ, మీ ఇస్త్రీ పెట్టె."

పిన్ని అందుకోలేదు. "వెళ్ళిపోతున్నారా అమ్మా?"

"అబ్బే, ఊరికే."

"ఊరికే ఎవరిస్తారు? మావల్ల ఏమన్నా తప్పు జరిగిందా?"

గడియారాల తాత స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. ఆవిడ ముఖం వైపు చూశాడు. తిట్టలేదు. తలుపు నెమ్మదిగా వేసుకున్నాడు. ఆ తిట్టకపోవడమే ఆవిడకి మెట్లు దిగినంతసేపూ గుచ్చుకుంది. అయినా ఆగలేదు. సాయంత్రానికి ఇల్లు ఖాళీ అయింది. మిగిలింది దుప్పట్లు పేర్చిన మంచం, చాప, ట్రంకు పెట్టె.

సంఘపెద్ద వచ్చి ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడ్డాడు. ఆయన వెనకే భర్త వచ్చి గది చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"దొంగలు పడ్డారా?"

"కాదు. ఎవరివి వాళ్ళకిచ్చేశా."

"అన్నీనా?"

"అన్నీ."

"కొంప ముంచావే!" ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేదు. అంత బెదిరిపోవడం కాపురంలో ఆవిడ మొదటిసారి చూసింది.

"ఏం మునిగిందండీ? ముందు ఇది చెప్పండి" అని ఆవిడ పెట్టెని మంచం కిందినుంచి లాగి పెద్దాయన ముందే పెట్టింది. "అన్నీ మన దగ్గరే ఉన్నాయి. మరెందుకడిగారు?"

ఆయన తల గోక్కున్నాడు. సంఘపెద్ద చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

"మనం ఇవ్వడానికి వెళ్తే తలుపు సందులోంచి చెయ్యి ఒక్కటే వచ్చేది కదా" అన్నాడు మెల్లగా. "ఒకరోజు మన కుళాయి కారుతుంటే ఈ పెట్టె ఎక్కడుందో వెంటనే కనపళ్ళేదు. పిన్నిని సుత్తి అడిగా. మొత్తం పిన్ని బయటికొచ్చింది. నవ్వుకుంటూ వచ్చింది. అంతే, పెట్టె దొరికాక దాచేశా. తిరిగిస్తే మళ్ళీ మన గడప తొక్కరని, వాళ్ళనే రానిచ్చా. నువ్వేమో ఒక్క పూటలో అందరికీ వీడ్కోలు చెప్పొచ్చావు."

సంఘపెద్ద నోరు తెరవబోయాడు. ఇంతలో మెట్లమీద చప్పుడు. ముందు పిన్ని, చంకలో ఇస్త్రీ పెట్టె. వెనక కుర్చీలు నెత్తిన పెట్టుకుని మనుషులు. నిచ్చెన మలుపులో ఇరుక్కుంటే దాన్ని తిప్పడానికి నలుగురు తలో సలహా.

"ఇవి మీ దగ్గరే ఉండనీండి. తిరిగిచ్చేస్తే ఎలాగమ్మా?" అంది పిన్ని. ఎవరో సంఘపెద్ద వెనక కుంటి కుర్చీ వేశారు. ఆయన అందులో కూలబడ్డాడు.

గడియారాల తాత తోసుకుంటూ వచ్చాడు. "ఈయన దగ్గర పనిముట్లున్నాయని నాకు మొదటిరోజే తెలుసు. చేతులు చూస్తే తెలీదూ? పనిముట్టు లేని పనివాడి చేతులా అవి?"

"తెలిసీ ఇచ్చారా?" అంది ఆవిడ.

"అడిగాడుగా! నన్ను ఎవరైనా ఏదైనా అడిగి ఎన్నేళ్ళయిందో నీకేం తెలుసు?" అని స్క్రూడ్రైవరు ట్రంకు పెట్టెమీద టక్కున పెట్టాడు.

అప్పుడు టీచరమ్మ వచ్చింది. కుడిపక్కనుంచే దిగి వచ్చింది. ఆవిడ చేతిలో ఏమీ లేదు.

"ఫోను చేసింది నేనే" అంది.

నిచ్చెన మోస్తున్నవాళ్ళు దాన్ని గోడకి ఆనించేశారు.

"ఇన్ని ఇళ్ళు తిరిగాడు. సుత్తి అడిగాడు, చెంబు అడిగాడు. రోజూ మా గుమ్మం ముందునుంచే పోతాడు. నేను తలుపు తీసుకుని నిలబడేదాన్ని. ఒక్కనాడైనా తట్టలేదు. మా ఇంట్లో ఏమీ ఉండదనుకున్నాడా? నేను మనిషిని కానా?" చివరి మాట దగ్గర హెడ్‌మిస్ట్రెస్ కొంగు సరిచేసుకుంది.

ఆయన పైకి చూడలేదు, కిందికి చూశాడు. భార్య పేరు చెప్పలేదు. ఆవిడకే ఉండబట్టలేదు.

"ఆయన తప్పు కాదండీ. నేనే ఒట్టు పెట్టా. మీరంటే నాకు భయం."

"భయమా! నేనేం చేశాను?" అని టీచరమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. మెట్లమీద ఎడంపక్కనుంచి దిగి దొరికిపోయినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

సంఘపెద్ద కుంటి కుర్చీలో కాస్త సర్దుకున్నాడు. "సామాను సర్దుకోమందామనే వచ్చానమ్మా. ఇంత సామాను సర్దడం ఎవరివల్లా కాదు. ఏడాది అయ్యేదాకా ఉండండి" అన్నాడు. తర్వాత గదంతా చూసి, "కాసిని టీ దొరుకుతుందా?" అన్నాడు.

ఇంతమందికి టీ! వాళ్ళింట్లో ఉన్న గిన్నె ఇద్దరికే సరిపోతుంది. ఆవిడ చూపు భర్త మీదికి వెళ్ళింది. ఆయన తల పక్కకి వంచబోతున్నాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. పుట్టి బుద్ధెరిగాక దేవుణ్ణి తప్ప ఎవర్నీ ఏదీ అడగని మనిషి టీచరమ్మ దగ్గరికి నడిచింది.

"టీచరమ్మగారూ, మీ దగ్గర పెద్ద గిన్నె ఉందాండీ? ఓసారి ఇస్తారా?"

టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "ఉంది. తిరిగి ఎప్పుడిస్తావు? సరిగ్గా తేదీ చెప్పు."

లైబ్రరీలో ఆవిడ జీవితమంతా అందర్నీ అడిగిన ప్రశ్న అది.

"చెప్పలేనండీ" అంది ఆవిడ. "మీరే వచ్చి తీసుకెళ్ళాలి."

టీచరమ్మ ముఖం చిట్లించి, ఇదేం పద్ధతని గొణుక్కుంటూ, మోకాళ్ళ నొప్పుల సంగతే మరిచిపోయి గిన్నె తేవడానికి మెట్లెక్కింది.